తాతలనాటి దినచర్యయు మన ఆరోగ్యమును

మా తాతగారు ఏ సంవత్సరమున పుట్టిరో ఇంటిలో ఎవరికిని సరిగా తెలియదు. వంశధారకు ఒక పెద్ద వరద వచ్చిననాటికి తమకు నడక వచ్చినదని మాత్రము చెప్పెడివారు. 2011లో వారు కన్నుమూసినప్పుడు, ఊరిలోని సమవయస్కుల లెక్కలనుబట్టి 88 ఏండ్లని నిశ్చయించుకొంటిమి. చివరి సంవత్సరము వరకు కర్ర పట్టుకొని చెరువుగట్టుదాక పోయివచ్చిన మనిషి. వారి రెండవ కుమారుడు, అనగా మా నాన్నగారు, అంతకు మూడేండ్లు ముందుగా, 2008లో, 57వ యేట గుండెపోటుతో పోయిరి. ఆనాడు వీధి అరుగుమీద మాటలేక కూర్చున్న తాతగారిని చూచి, పరామర్శకు వచ్చినవారు లోగొంతుకతో "వెనుకటి తిండి, వెనుకటి ఎముక" అని ఒకరితో నొకరు అనుకొనిరి. ఆ మాట నా చెవిని బడినది. నాటినుండి దానిని మనస్సులో త్రిప్పుకొనుచునే యున్నాను. అది ఎంతవరకు నిజము? నేటి ప్రసంగమునకు అదియే విషయము.

శ్రోతలారా, పెద్దలనాటి ఆహారమును గూర్చి ఈ మధ్య మాటలు ఎక్కువైనవి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత, పట్టణములలో చోడిపిండి, కొర్రలు, సామలు అందమైన సంచులలో అమ్ముచున్నారు. చోళ్లనగా రాగులే, మా ఉత్తరాంధ్రమున ఆ పేరే వాడుక. సంచి కొనుట సులభము. ఆ సంచిలోని ధాన్యమును తిని బ్రతికినవారు దినమంతయు ఏమి చేసెడివారో మాత్రము సంచిమీద అచ్చువేసి యుండదు. కావున ముందుగా ఒక దినమును ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువరకు మీ యెదుట నుంచెదను. 1980 దశకము చివర, చిన్నపిల్లవాడనై నేను కన్నులార చూచిన దినమది.

తాతగారు కోడికూతకు లేచెడివారు. వేపపుల్ల నములుచు పసులసాలలో పేడ తీసి, ఎద్దులకు కుడితి పెట్టి, నాగలి భుజమున వేసికొని పొలమునకు పోయెడివారు. మా పొలము ఇంటికి కోసెడు దూరమునకు తక్కువ, అయినను దగ్గర కాదు. దుక్కి దున్నుటయనగా నాగలివెంట నడచుట గదా. ఆ నడక ఎంతయో ఒకసారి లెక్కవేసి చూచితిని. చాలుకు చాలుకు 20 సెంటీమీటర్ల ఎడమున్నదనుకొన్నను, ఒక ఎకరము దున్నుటకు 20 కిలోమీటర్లు నడువవలెను. దినమునకు అర ఎకరము దున్నిన రైతు, ఇంటికి పోవుట వచ్చుట విడిచిపెట్టినను, 10 కిలోమీటర్లు బురదలోనో బెడ్డలమీదనో నడచినాడన్నమాట. అదియు ఒక చేత మేడిని అదిమిపట్టి.

ఎండ కొంచెము ముదిరిన వేళకు నాయనమ్మ దుత్తతో అంబలి పట్టుకొని పోయెడిది. తిరగలిలో బరకగా విసరిన చోడిపిండిని ముందునాడే నానవేసి, పులిసిన పిమ్మట కాచి, చల్లారినంత మజ్జిగ కలిపినది. కొరుకుకొనుటకు ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. మధ్యాహ్నము అన్నము, గోంగూరయో తోటకూరయో, పండిన కాలమున ఉలవచారు, దొరికిన దినమున చేపలు. పూటకు సోలెడు బియ్యపు అన్నమును తాతగారు అవలీలగా తినెడివారు. నూనె తాలింపునకు మాత్రమే. అరిసెలు సంక్రాంతికి, బూరెలు పెండ్లికి. ప్రొద్దుగ్రుంకక మునుపే రాత్రిభోజనము ముగిసెడిది. చీకటి పడిన గంటకు నులకమంచము.

ఈ ప్రొద్దుగల భోజనమును ఇప్పుడు గొప్ప ఆరోగ్యసూత్రముగా చెప్పుకొనుచున్నాము. అది మంచిదే. కాని ఎందుకట్లు తినెడివారమని నాయనమ్మ నడిగినచో ఆమె "కిరసనాయిలు ఎవులిత్తారు బాబూ?" అనెడిది. దీపము ఖర్చునకు భయపడి త్వరగా తినిరి. ఎద్దు లేచును గనుక త్వరగా లేచిరి. డబ్బు లేదు గనుక పిండివంట పండుగకే పరిమితమైనది. ఈ మాటను మరవకుడు. మరల దీనికడకే వచ్చెదను.

ఇక నాయనమ్మ పని తాతగారి పనికి తీసిపోయినది కాదు. నూతినుండి నీళ్లు, తిరగలి, రోలు, పొయ్యి. ఆమె పడుచుతనమున ఇంటి బియ్యమంతయు చేతి దంపుడే. రోటికి ఇరువైపుల ఇద్దరు స్త్రీలు నిలిచి, ఒకరి రోకలి లేచునప్పుడు మరియొకరి రోకలి పడునట్లు, గంటలకొలది దంచెడివారట. ఆ దంపుడు బియ్యములో ఏమున్నదో ఆ స్త్రీలకు తెలియదు. వైద్యశాస్త్రమునకును చాలకాలము తెలియలేదు.

ఇచ్చట కొంచెము నిలువవలెను, ఏలయన ఈ కథ మన జిల్లాలదే. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలో బియ్యపు మరలు వ్యాపించినకొలది, ఉత్తర సర్కారులని పిలువబడిన మన కోస్తాజిల్లాలలో బెరిబెరియను వ్యాధి పేరుకెక్కినది. కాళ్లు తిమ్మిరులెక్కును, నడక తడబడును, కొందరికి ఒడలు నీరుపట్టి గుండె సోలిపోవును. జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 1890 దశకములో కోళ్లకు పాలిషుపట్టిన బియ్యము పెట్టగా వాని కాళ్లు చచ్చుబడుటయు, తవుడుతో కూడిన బియ్యము పెట్టగా తేరుకొనుటయు కనిపెట్టెను. అందుకు 1929లో ఆయనకు నోబెల్ బహుమానములో భాగము లభించినది. నీలగిరులలోని కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు 1918లో బెరిబెరి పరిశోధనకని చిన్న కేంద్రమొకటి తెరచెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేర తార్నాకలో నడచుచున్నది. మన కాళ్ల తిమ్మిరినుండి అంత గొప్ప సంస్థ పుట్టినదని మనవారిలో ఎందరెరుగుదురు?

కారణము తేలినది. గింజపైనుండు పలుచని తవుడు పొరలోను మొలకలోను థయమినను బి1 విటమిను కలదు. మర దానిని గీకివేయును. మిగిలినదానిలో కొంత కడుగునీటితో పోవును, మరికొంత వార్చిన గంజితో పోవును. దక్షిణమున ఉప్పుడు బియ్యము తినెడివారికి ఈ బాధ అంతగా లేకపోవుటకు హేతువు కూడ తెలిసినది: వడ్లను ఉడికించి ఎండబెట్టి ఆడించినచో ఆ విటమిను గింజలోనికి ఇంకిపోవును, మర దానిని తీసివేయలేదు. మనకు పచ్చిబియ్యమే రుచి. పప్పు, కూర, పాలు సమృద్ధిగా గలవారు మరబియ్యము తినియు బాగుగనే యుండిరి. అన్నము తప్ప మరి దిక్కులేని పేదలకే కాళ్లు పొంగినవి.

మా వైపు పేద ఇండ్లలో తరవాణి కుండ యుండెడిది. గంజిని పారబోయక ఆ కుండలో పోసి పులియబెట్టి, ఆ పులుసునీటిలో చద్దియన్నము వేసికొని తినెడివారు. నాగరికులు దానిని చూచి ముక్కు మూసికొనెడివారు. పులియుటయనగా పెరుగు తోడుకొనజేయు జాతికి చెందిన సూక్ష్మజీవులు చేయు పనియే. గంజిలోనికి దిగిన సారము ఆ విధముగా మరల కడుపులోనికే చేరెడిది. మా ఇంటిలో ఆ కుండ నేను పుట్టకమునుపే పోయినది. కొంచెము కలిగిన ఇండ్లవారమైతిమను గౌరవమునకు అదియొక గుర్తు కాబోలు.

ఇంతవరకు వినిన శ్రోతలు, ఆ రోజులే మంచివని ఈయన చెప్పబోవుచున్నాడని తలచియుందురు. అట్లు చెప్పుటకు నాకు నోరు రాదు. పొరుగూరిలో బియ్యపు మర వచ్చి రోకలి అటకెక్కిన దినము తనకు పండుగవలె నుండినదని నాయనమ్మయే చెప్పినది. ఆమె అరచేతులను నేను చూచితిని. ఆరోగ్యము పేర ఆ రోకలిని మరల ఒక ఆడుదాని చేతికి ఈయుడని చెప్పెడువారు, ముందు తామొక నెల దంచి చూచి పిమ్మట చెప్పవలెను.

మరియొక సంగతి. మా నాయనమ్మ తొమ్మండుగురిని కనినది. పెరిగి పెద్దలైనవారు నలుగురు. ఇద్దరిని స్ఫోటకము, అనగా అమ్మవారు, ఒకే వారములో తీసికొనిపోయినది. తక్కినవారు విరేచనములతోను జ్వరములతోను పోయిరి. వారందరును అదే అంబలిని, అదే గాలిని, అదే నూతినీటిని ఎరిగినవారే. 1940 దశకమున మన దేశమున పుట్టిన శిశువునకు సగటున ఆశింపదగిన ఆయువు సుమారు 32 సంవత్సరములు మాత్రమే. ఇప్పుడది 70 ప్రాంతమున నున్నది. పెద్దలందరును ముప్పదిరెండేండ్లకే పోయిరని దీని అర్థము కాదు. పసివారి మరణములు ఆ సగటును క్రిందికి లాగినవి. మనము చూచిన ముసలివారు ఆ కొలిమిలో మిగిలినవారు. మిగిలినవారిని మాత్రమే చూచి, కొలిమి ఆరోగ్యకరమని ఎట్లనగలము? స్ఫోటకము మన దేశమున చివరిసారిగా 1975లో కనబడినది. దానిని పారద్రోలినది టీకాయే గాని అంబలి కాదు.

అలవాట్లలోను చెడ్డవి లేకపోలేదు. విశాఖ, శ్రీకాకుళము జిల్లాల పల్లెస్త్రీలలో చాలమంది చుట్టను అడ్డపొగ త్రాగెడివారు. నిప్పుకొనను నోటిలోపలికి పెట్టుకొని పీల్చుటకు అడ్డపొగయని పేరు. ఆ అలవాటువలన అంగుటిలో పుట్టు పుట్టకురుపును గూర్చి విశాఖపట్టణపు వైద్యులు 1950 దశకములోనే వ్రాసిరి. మా నాయనమ్మకు చుట్ట అలవాటు లేదు. కాని పిడకల పొయ్యి యున్నది. యాభై యేండ్లు ఆ పొగను పీల్చినది. నా చిన్ననాటి రాత్రులలో నిద్రపట్టునప్పుడు వినబడినది ఆమె దగ్గే. 2003లో ఊపిరాడకయే పోయినది. ఇక ఉప్పు సంగతి. ఆవకాయ, ఎండుచేప, ఉప్పుమిరప లేక ముద్ద దిగెడిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినమునకు 5 గ్రాములకు మించవద్దనుచున్నది. మా చిన్నతాతకు అరువది దాటకముందే ఒక ప్రక్క పడిపోయినది. గాలి సోకినదనిరి. రక్తపుపోటు చూచెడు యంత్రము ఆ ఊరికి అప్పటికింకను రాలేదు.

మరి "వెనుకటి తిండి, వెనుకటి ఎముక" అన్నమాట వట్టిదేనా? కాదు. సగము నిజము. ఆ సగము నాకు తెలిసివచ్చిన తీరు చెప్పెదను.

2022లో, నాకు 41వ యేట, వైద్యుడు రక్తపరీక్ష చూచి మధుమేహమనెను. మూడు నెలల చక్కెర సగటు చెప్పెడు పరీక్షలో 7.8 వచ్చినది. మాత్ర వ్రాసియిచ్చి, భోజనము, నడక చూచుకొనుమనెను. ఇంటిలో మరియొకరిని గుండెపోటుకు అప్పగించిన జ్ఞాపకము మాకింకను పచ్చిగనే యున్నది. మా అమ్మ ఆ కాగితమును రెండుసార్లు చదివి ఏమియు అనక లోపలికి పోయినది. నేను తాతగారిని తలచుకొంటిని. మర్నాడే చోడిపిండి తెప్పించితిని. ఉదయము అంబలి, రాత్రి అంబలి, సంతోషము కొలది నడుమనొకసారి కూడ. మూడు నెలల పిమ్మట పరీక్ష చేయించితిని. 7.9.

వైద్యుడు నవ్వలేదు, అది ఆయన మంచితనము. ఎంత త్రాగుచుంటివి, ఎట్లు కాచుచుంటివి అని మాత్రమే అడిగెను. చోళ్లు మంచి ధాన్యమే. 100 గ్రాముల చోళ్లలో సున్నము 300 మిల్లీగ్రాములకు మించి యుండును. బియ్యములో 10 మిల్లీగ్రాముల ప్రాంతము. పీచు కూడ ఎక్కువ. కాని మరలో పొడుమువలె మెత్తగా పట్టించి, జావగా కాచి, గ్లాసులకొలది త్రాగినచో అందులోని పిండిపదార్థము శీఘ్రముగనే రక్తమున చక్కెరయై చేరును. నాయనమ్మ బరకగా విసరినది, పులియబెట్టినది, అన్నిటికంటె ముఖ్యముగా, దున్నుచున్న మనిషికి పట్టుకొనిపోయినది. నేను దానిని స్టూడియోలో ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చుండు మనిషికి పోసితిని. తాతగారి దుత్త నాకు వచ్చినది, కాళ్లు రాలేదు.

అప్పుడు నాన్నగారి జీవితము నాకొక క్రొత్త వెలుగులో కనబడినది. ఆయన పట్టణమున బడిపంతులుగా పనిచేసిరి. మొదట సైకిలు, తరువాత స్కూటరు. ఆయన తాగుబోతు కాదు, పొగత్రాగెడివారు కాదు, హోటలు తిండి ఎరుగరు. తమ తండ్రి తిన్నట్లే పూటకు సోలెడు బియ్యపు అన్నము తినెడివారు. అట్లు తినగలుగుట వంశగౌరవమని సంతోషించెడివారు. నాయనమ్మ వచ్చినప్పుడు కొసరి మరియొక ముద్ద వడ్డించెడిది. దానికి తోడు బడిలో రెండుమారులు పంచదార వేసిన తేనీరు. ఆయన చేసిన తప్పేదియని వెదకినచో నాకేదియు దొరకలేదు. వెనుకటి తిండి తినిరి. దానిని అరిగించిన దినచర్య మాత్రము ఆయన ఉద్యోగములో లేకపోయినది. అది లేదని ఆయనకు చెప్పినవారు లేరు. చదువుకొన్న కుమారుడు చెప్పవలసినది. ఆ కుమారునికిని తెలియదు.

ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట చేయించిన పెద్ద పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడిరని అందు తేలినది. 1953లోనే లండనులో మోరిస్ అను వైద్యుడు, అంతస్తుల బస్సులను నడుపువారిని, వానిలో టిక్కెట్టులిచ్చు కండక్టరులను పోల్చి చూచెను. కూర్చుండి బస్సు నడుపువారికంటె, దినమంతయు మెట్లెక్కి దిగు కండక్టరులకు గుండెజబ్బు తక్కువగా నుండెను. కండరము పనిచేయునప్పుడు రక్తములోని చక్కెరను తానే లాగుకొనును. కదలనప్పుడు ఆ చక్కెర రక్తములో ఎక్కువసేపు నిలిచిపోవును. భోజనమైన పిమ్మట పదియేను నిమిషములు నడచినను దాని ఫలము పరీక్షలో కనబడునని వైద్యులనుచున్నారు. దీనికి నాగలి అక్కరలేదు.

ఇందాక మరవవద్దంటిని గదా, కిరసనాయిలు మాట. పెద్దల మంచి అలవాట్లలో చాలభాగము వారు ఏరుకొన్నవి కావు. పేదరికము, చీకటి, ఎద్దు, దూరము కలిసి వారిచేత చేయించినవి. ఇప్పుడు దీపము రాత్రియంతయు వెలుగును, బూరె ఏ దినమైనను దొరకును, వాహనము వాకిటిలో నున్నది. చేయించువారు లేరు. మనమే చేసికొనవలెను, అది వారికంటె మనకు కష్టము. ఈ విషయములో మన తరమును సోమరిపోతులని తిట్టుట నాకు న్యాయముగా తోచదు. తాతగారికి లిఫ్టు ఉండియుండినచో ఆయనయు ఎక్కియుందురు. వారు మోకాళ్లు నొప్పులెత్తినప్పుడు ఎద్దుబండి దొరికిన ఏనాడును నడిచి రాలేదు, ఇది నేనెరుగుదును.

నావరకు నేను చేసికొన్న ఏర్పాటులు గొప్పవి కావు. మాత్ర మానలేదు, శ్రోతలలో మధుమేహము గలవారెవరును ఈ ప్రసంగము విని మాత్ర మానరాదని గట్టిగా చెప్పుచున్నాను. అంబలి ఒక పూటకు వచ్చినది, బరకపిండితో, ఒక గ్లాసు. అన్నము సోలకు బదులు గిద్దె. తగ్గినచోటును ఆకుకూర, ఉలవలు, పెసలు నింపినవి. రాత్రిభోజనము ఏడున్నరకు. మా స్టూడియో రెండవ అంతస్తున నున్నది, మెట్లమీదనే పోవుచున్నాను. ఆవకాయ మాత్రము పూర్తిగా మానలేకపోతిని, అబద్ధమాడనేల. క్రిందటి పరీక్షలో 6.7 వచ్చినది. ఈసారి కాగితమును అమ్మ ఒకేసారి చదివినది.

మొన్నటి సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు, తాతగారి దారిని కొలిచి చూడవలెనని బుద్ధి పుట్టినది. ఇంటినుండి పసులసాల, అటనుండి చెరువుగట్టు, గట్టుదిగి పొలము, మరల ఇల్లు. ఫోనులో లెక్క పెట్టుకొనుచు నడచితిని. పోవుట వచ్చుట కలిసి 5 కిలోమీటర్లు. ఆయన దినమునకు రెండుమారులు పోయెడివారు, నడుమ దుక్కి. నేను ఒక్కమారు పోయి వచ్చుసరికి చొక్కా తడిసి, ఎగపోయుచుంటిని. గట్టుమీద గడ్డిమోపు దింపి కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను ఆపాదమస్తకము చూచి జాలిపడినది.

"ఏటి బాబూ, నడిసొత్తన్నావు? బండి పాడైపోనాదేటి?"